సెక్స్ ఎడ్యుకేషన్: పుస్తకంలో పాఠం ఉంది, టైంటేబుల్‌లో పీరియడ్ లేదు

స్కూళ్లలో సెక్స్ ఎడ్యుకేషన్ ఉండాలా, వద్దా? ఇరవై ఏళ్లుగా టీవీ చర్చల్లో ఇదే ప్రశ్న. ఎక్కడో ఒక దారుణం జరిగినప్పుడో, ఏదైనా కోర్టు వ్యాఖ్య చేసినప్పుడో మళ్లీ పైకి వస్తుంది. ఒక వారం వాదించుకుంటారు. ఈలోగా మరో వార్త వస్తుంది, ఇది మరుగున పడుతుంది.

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అలాంటి వ్యాఖ్యే చేసింది. లైంగిక విద్యను తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఇంకా చిన్న వయసు నుంచే చెప్పాలని జస్టిస్ సంజయ్ కుమార్, జస్టిస్ అలోక్ అరాధేల ధర్మాసనం అభిప్రాయపడింది. ఈ మాట ఏ కేసులో వచ్చిందో చూడండి. ఉత్తర్‌ప్రదేశ్‌లో పదిహేనేళ్ల బాలుడు అత్యాచారం, పోక్సో సెక్షన్ల కింద నిందితుడు. అతడి బెయిల్ వ్యవహారం విచారిస్తూ, మీ స్కూళ్లలో పిల్లలకు ఈ విషయాలు ఏమైనా చెబుతున్నారా అని కోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగింది. తొమ్మిది నుంచి పన్నెండు వరకు పాఠ్యాంశాల్లో ఉందని ప్రభుత్వం బదులిచ్చింది.

‘పాఠ్యాంశాల్లో ఉంది’ అన్న ఆ జవాబు దగ్గరే మనం ఆగాలి. ఎందుకంటే అది అబద్ధం కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ మాట నిజమే. మరి ఉన్న పాఠం పిల్లల దాకా ఎందుకు రావడం లేదు?

ఇప్పటికే ఏమేం ఉన్నాయి?

మీ ఇంట్లో హైస్కూల్ పిల్లలు ఉంటే ఒకసారి వాళ్ల సైన్స్ పుస్తకం తెరిచి చూడండి. తెలంగాణ ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ‘కౌమార దశ’ పేరుతో ఒక పాఠమే ఉంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పాత ఎనిమిదో తరగతి సైన్స్ పుస్తకంలోనూ కౌమారంపై పాఠం ఉండేది. 2025లో వచ్చిన కొత్త ఏడో తరగతి పుస్తకం ‘క్యూరియాసిటీ’లో ఆ పాఠాన్ని ఒక తరగతి ముందుకు తెచ్చారు.

ఇది పుస్తకాల సంగతి. దీనికి తోడు 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమం ప్రారంభించింది. ప్రతి స్కూల్లో ఇద్దరు టీచర్లకు, వీలైతే ఒక మహిళకు, ఒక పురుషుడికి శిక్షణ ఇచ్చి ‘హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు’గా నియమించాలి. మొత్తం పదకొండు అంశాలు. పోషకాహారం, మానసిక ఆరోగ్యం, మత్తు పదార్థాల వంటి వాటితో పాటు పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్ఐవీ నివారణ, ఆడ మగ సమానత్వం, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్‌ను జాగ్రత్తగా వాడటం కూడా అందులో ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఇంత కంటే అడగాల్సింది పెద్దగా లేదు. కాకపోతే ఆ కార్యక్రమం మొదలైన నెల తిరక్కుండానే కోవిడ్‌తో స్కూళ్లు మూతపడ్డాయి.

అంతకంటే ముందే, 2014 జనవరిలో ఆరోగ్యశాఖ రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ తెచ్చింది. పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల కోసం ఆస్పత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లు, ఊళ్లలో తోటి పిల్లలకు వివరించే ‘సాథియా’లు ఇందులో భాగం.

చట్టం సంగతికి వస్తే, పోక్సో నిబంధనలు 2020 ఇంకా సూటిగా చెబుతున్నాయి. వ్యక్తిగత భద్రత, లైంగిక నేరాల నుంచి రక్షణ, ఫిర్యాదు ఎలా చేయాలి అన్న విషయాలపై పిల్లల వయసుకు తగ్గ పాఠ్యాంశాలు తయారుచేయడం ప్రభుత్వాల బాధ్యత. అంటే ఇది టీచర్ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు, నిబంధనల్లో రాసిన విధి.

పుస్తకం ఉంది, కార్యక్రమం ఉంది, నిబంధన ఉంది. లేనిదల్లా తరగతి గదిలో దానికంటూ ఒక గంట.

పాఠం ఎక్కడ జారిపోతోంది?

ఆ పాఠం వచ్చినప్పుడు తరగతిలో ఏం జరుగుతుందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. “ఇది ఇంటి దగ్గర చదువుకోండి” అని టీచర్ పేజీలు తిప్పేస్తారు. లేదంటే బొమ్మ గీయించి, భాగాలు గుర్తించమంటారు. పరీక్షలో వచ్చేది అదే కాబట్టి. అండవాహిక ఎక్కడుందో బాణం గుర్తు వేసి చూపించగల విద్యార్థి, తనకు నెలసరి ఎందుకు ఆలస్యమైందో అడగడానికి మాత్రం మనిషి దొరకక గూగుల్‌ను అడుగుతుంది.

టీచర్‌ను ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదు. యాభై మంది అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి కూర్చున్న గదిలో ఈ విషయం ఎలా మొదలుపెట్టాలో చాలామందికి శిక్షణ కాలంలో ఎవరూ నేర్పలేదు. ఒక పిల్లాడు ఇంటికెళ్లి సగం సగం చెబితే, మర్నాడు గేటు దగ్గర తల్లిదండ్రులు నిలదీస్తారన్న భయం ఉంటుంది. అప్పుడు హెడ్‌మాస్టర్ వెనక నిలబడతారన్న నమ్మకం ఉండదు. శిక్షణ పొందిన టీచర్ బదిలీ అయితే ఆ స్కూల్లో ఆ పని అక్కడితో ఆగుతుంది. ఒక్కరే మాస్టారున్న చోట అమ్మాయిల సందేహాలు అసలు బయటికే రావు.

దీన్ని వ్యక్తుల సిగ్గుగా చూడటం వల్లే మనం పరిష్కారానికి దూరంగా ఉన్నాం. గణితం చెప్పడానికి టీచర్ ధైర్యవంతులు కానక్కర్లేదు. పీరియడ్ ఉంటుంది, పరీక్ష ఉంటుంది, తనిఖీకి వచ్చిన అధికారి సిలబస్ ఎంత అయిందని అడుగుతారు. కౌమార విద్యకు ఈ మూడూ లేవు. అడిగేవాళ్లు లేని పని ఏ ఆఫీసులోనైనా వెనక్కే పోతుంది.

ఇంతవరకు చెప్పింది ఎక్కువగా ప్రభుత్వ స్కూళ్ల గురించి. ఈ కథనం ఫోన్‌లో చదువుతున్న మీలో ఎక్కువమంది పిల్లలు ప్రైవేటులో చదువుతుంటారు. ఫీజు కడుతున్నాం కదా, అక్కడ అన్నీ చెబుతారులే అనుకోవద్దు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెట్టే స్కూళ్లలో ఆటల పీరియడ్‌కే దిక్కు లేదు. పైగా కేంద్రం తెచ్చిన వెల్‌నెస్ కార్యక్రమం ప్రధానంగా ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందించింది.

ఒకసారి మొదలై, ఎందుకు ఆగింది?

కౌమార విద్యా కార్యక్రమం పేరుతో 2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి ఒక పెద్ద ప్రయత్నం చేశాయి. హెచ్ఐవీ భయం బలంగా ఉన్న రోజులవి. టీచర్లకు చార్టులు, కరదీపికలు పంపారు. 2007 నాటికి వాటిలోని బొమ్మలపై గొడవ మొదలైంది. మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు వరసగా ఆపేశాయి. అధికారంలో ఏ పార్టీ ఉందన్న దానితో కూడా పెద్దగా సంబంధం లేకుండా ఈ నిర్ణయాలు జరిగాయి.

వ్యవహారం పార్లమెంటుకు చేరింది. మన నెల్లూరు జిల్లాకు చెందిన ఎం.వెంకయ్యనాయుడు అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో నివేదిక ఇచ్చింది. సెక్స్ ఎడ్యుకేషన్‌కు మన సామాజిక, సాంస్కృతిక వాతావరణంలో చోటు లేదని, పెళ్లికి ముందు సంబంధాలు తగవన్న సందేశమే పిల్లలకు ఇవ్వాలని, శరీర మార్పులు, హెచ్ఐవీ పాఠాలను ఇంటర్ స్థాయి జీవశాస్త్రానికి జరపాలని సిఫార్సు చేసింది.

ఆ అభ్యంతరాలన్నిటినీ ఛాందసం అని కొట్టిపారేయడం సులువే. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. తల్లిదండ్రులకు ముందుగా ఒక్క సమావేశం కూడా పెట్టకుండా, టీచర్లు సిద్ధం కాకుండా, ఢిల్లీలో అచ్చేసిన బొమ్మలు నేరుగా తరగతి గదికి వస్తే ఎక్కడైనా గొడవే అవుతుంది. తప్పు పద్ధతిలో ఉంటే, దానికి శిక్ష పాఠానికి పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఝార్ఖండ్‌లో ‘ఉడాన్’ మొదలైంది. 2006లో ప్రారంభమైన ఈ కార్యక్రమం మిగతా రాష్ట్రాల్లో నిషేధాలు నడుస్తున్నప్పుడూ ఆగలేదు. అక్కడ ఏం భిన్నంగా చేశారు? మొదటిది, పేరు మీద పట్టుబట్టలేదు. కౌమార విద్య అన్నారు, జీవన నైపుణ్యాలు అన్నారు. రెండోది, ఒక స్వచ్ఛంద సంస్థ సాంకేతిక సాయం చేసినా, పథకం రాష్ట్ర ప్రభుత్వానిదిగానే నడిచింది. కాబట్టి విమర్శ వచ్చినప్పుడు సమాధానం చెప్పాల్సిన బాధ్యత విద్యాశాఖ మీద పడింది. మూడోది, అసలైనది, దాన్ని స్కూల్ టైంటేబుల్‌లో పెట్టారు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లోకి కూడా తీసుకెళ్లారు. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ కార్యక్రమాన్ని ప్రస్తావించింది. మనకంటే ఏ రకంగానూ ధనిక రాష్ట్రం కాదు ఝార్ఖండ్.

మన ఇళ్లలో పద్ధతి

ఈ విషయం మన సంస్కృతిలో లేదనే వాదన వినగానే ఒక ఫంక్షన్ హాలు గుర్తొస్తుంది. అమ్మాయి పెద్దమనిషి అయితే మనం ఫ్లెక్సీ కడతాం. పిలుపుల కార్డు వేస్తాం, డ్రోన్‌తో వీడియో తీయిస్తాం, మేనమామ చీర పెడతాడు, ఊరంతా వచ్చి భోంచేసి వెళుతుంది. అందరికీ తెలిసిన ఆ సంగతి ఏమిటో, ఎందుకు జరిగిందో, రేపటి నుంచి ఏం మారుతుందో ఆ పిల్లకు మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. చెప్పేదల్లా దేన్ని ముట్టుకోకూడదో.

అబ్బాయిల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లకు ఫంక్షనూ లేదు, మాటా లేదు. గొంతు మారినా, నిద్రలో స్ఖలనం జరిగినా ఏదో జబ్బు చేసిందని లోలోపల కుమిలిపోయే పిల్లలకు మొదట కనిపించేది బస్టాండు గోడ మీద ‘బలహీనత’ ప్రకటన. ఏపీలో 2021లో ‘స్వేచ్ఛ’ పేరుతో ఏడు నుంచి ఇంటర్ వరకు చదివే ప్రభుత్వ పాఠశాలల బాలికలకు నెలకు పది శానిటరీ న్యాప్‌కిన్లు ఇచ్చే పథకం తెచ్చారు. మంచిదే. అయితే పక్క బెంచీలోని అబ్బాయిలకు నెలసరి అంటే ఏమిటో చెప్పనంతకాలం, బట్టలపై మరక చూసి నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉంటారు.

తెలుగునాట ఒక తరం పెద్దలకు ఈ విషయాల్లో దొరికిన ఏకైక క్లాసు ‘స్వాతి’ వారపత్రికలో డాక్టర్ జి.సమరం జవాబులు. ఇంట్లో పుస్తకం కనపడకుండా దాచుకుని చదివిన వాళ్లు ఇప్పుడు అమ్మమ్మలు, తాతయ్యలు అయి ఉంటారు. ఆ పేజీ ఏళ్ల తరబడి నడిచిందంటే అడగాలనుకున్న వాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆ స్థానంలో ఫోన్ ఉంది. 2018 అక్టోబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశాలతో కేంద్రం 827 అశ్లీల వెబ్‌సైట్లను బ్లాక్ చేయించింది. పిల్లల చేతికి ఆ వీడియోలు చేరడం ఆగిందా? ఈ ప్రశ్నకు మీకే తెలుసు జవాబు. డాక్టరు రాసిన జవాబులకు, ఆ వీడియోలకు మధ్య తేడా ఒక్కటే అనుకోకండి. ఆ వీడియోల్లో ‘వద్దు’ అన్న మాటకు విలువ ఉండదు.

చెబితే చెడిపోతారా?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు చిన్నదే. యునెస్కో 2018లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాల కోసం వివిధ దేశాల అధ్యయనాలను సమీక్షించారు. ఈ విద్య వల్ల పిల్లలు లైంగిక సంబంధాల్లోకి తొందరపడి వెళుతున్నారనడానికి ఆధారం దొరకలేదు. మొదటి అనుభవం ఆలస్యం కావడం, జాగ్రత్తలు పెరగడం వంటి ఫలితాలు కనిపించాయి. ‘పెళ్లి దాకా వద్దు’ అని మాత్రమే చెప్పే కార్యక్రమాల వల్ల ఆ ఫలితాలు రాలేదు.

ఇంకో అపోహ, ఐదేళ్ల పిల్లలకు సంభోగం గురించి చెబుతారని. అలా ఎవరూ చెప్పరు. యూకేజీ, ఒకటో తరగతిలో చెప్పేది శరీర భాగాల పేర్లు, నీ ఒళ్లు నీది, ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరితో చెప్పాలి అన్న మూడు ముక్కలు. నాలుగైదు తరగతుల్లో రాబోయే శరీర మార్పులు. ఇక్కడ ‘రాబోయే’ అన్నది ముఖ్యం. చాలామంది అమ్మాయిలకు పది నుంచి పద్నాలుగేళ్ల మధ్యే నెలసరి మొదలవుతుంది. ఎనిమిదో తరగతిలో పాఠం పెడితే సగం మందికి అది జరిగిపోయిన కథ. ఆ పై తరగతుల్లో స్నేహాలు, ఆకర్షణ, అంగీకారం, ఒత్తిడి చేస్తే ఎలా తప్పుకోవాలి. గర్భం, గర్భ నిరోధం, సుఖవ్యాధులు, చట్టం వంటివి హైస్కూల్ చివర్లో, ఇంటర్లో.

ఇప్పుడు చాలా స్కూళ్లలో ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ అని ఒక గంట చెప్పి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఏమీ లేనిదానికంటే నయమే. కానీ అది అపరిచితుడిని ఊహించుకుని చెప్పే పాఠంగా మిగిలిపోతోంది. 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లలతో చేసిన అధ్యయనం ఏం చెప్పిందంటే, 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వారిలో సగానికి పైగా అబ్బాయిలు. వేధించిన వాళ్లలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకమైన స్థానంలో ఉన్నవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. వేధింపులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఎందుకు చెప్పుకోలేదు? భయం ఒక కారణం. ఇంకొకటి, మాట లేకపోవడం. శరీరంలోని ఆ భాగాలకు తెలుగు పిల్లలకు తెలిసిన పేర్లు రెండే రకాలు. ఒకటి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు, రెండోది వీధిలో విన్న బూతు. పుస్తకంలోని యోని, పురుషాంగం అన్న పదాలు పరీక్ష పేపర్ దాటి బయటికి రావు. ట్యూషన్ మాస్టారు ఎక్కడ చేయి వేశాడో అమ్మతో చెప్పాలంటే పిల్ల బూతు మాట్లాడాలి, లేదా నోరు మూసుకోవాలి. చాలామంది రెండోదే ఎంచుకుంటారు. ఆ తర్వాత కేసు అయితే, అదే పిల్ల పోలీసు ముందు, మేజిస్ట్రేట్ ముందు ఆ మాటే చెప్పాల్సి వస్తుంది. వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవాలని, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలని, యూనిఫాంలో ఉండకూడదని పోక్సో చట్టం జాగ్రత్తలు చెప్పింది. పిల్ల నోట మాట రావడానికి అవసరమైన పాఠాన్ని మాత్రం చట్టం ఇవ్వలేదు, స్కూలే ఇవ్వాలి.

చట్టం తెలియక ఇరుక్కుంటున్న పిల్లలు

ఈ చర్చలో అందరూ దాటేసే భాగం ఒకటి ఉంది. 2012లో పోక్సో వచ్చాక, 18 ఏళ్ల లోపు వారి అంగీకారానికి చట్టం దృష్టిలో విలువ లేదు. అంతకుముందు ఆ వయసు 16. అంటే పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడే వెళ్లినా, అబ్బాయి మీద నమోదయ్యేది లైంగిక దాడి కేసే. అబ్బాయి కూడా మైనరైతే జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళతాడు. 16 దాటి, ఆరోపణ ఘోరమైన నేరం కిందికి వస్తే, పెద్దవాళ్ల మాదిరిగా విచారించాలా వద్దా అన్నది కూడా బోర్డు పరిశీలిస్తుంది. ఈ వయసు తగ్గించవద్దని లా కమిషన్ 2023లో తన 283వ నివేదికలో చెప్పింది. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఇంటర్ చదివే పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా అన్నది ఇక్కడి ప్రశ్న. బైక్‌కు లైసెన్సు ఏ వయసులో ఇస్తారో తెలిసిన కుర్రాడికి ఇది తెలియదు.

ఫోన్లలో ఫొటోలదీ ఇదే కథ. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు జస్ట్ రైట్స్ ఫర్ చిల్డ్రన్ అలయన్స్ కేసులో తీర్పు ఇస్తూ, పిల్లల లైంగిక దృశ్యాలను డౌన్‌లోడ్ చేసి దగ్గర ఉంచుకోవడాన్ని తేలిగ్గా తీసిపారేసిన మద్రాస్ హైకోర్టు తీర్పును కొట్టేసింది. సమగ్ర లైంగిక విద్య అవసరమని, అది పాశ్చాత్య భావన అన్న అపోహ పోవాలని అదే తీర్పులో వివరంగా రాసింది. ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద పిల్లల అసభ్య చిత్రాలు పంపితే మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా పడొచ్చు. క్లాస్‌మేట్ నమ్మి పంపిన ఫొటోను గ్రూపులో ఫార్వర్డ్ చేసిన తొమ్మిదో తరగతి కుర్రాడికి అది ఆట. ఆ అమ్మాయికి స్కూలు మానేసేంత కష్టం. చట్టానికి నేరం.

గర్భం విషయంలోనూ భయంతో ఆలస్యం చేసి ప్రాణం మీదికి తెచ్చుకునే వాళ్లున్నారు. మైనర్ వస్తే ఆస్పత్రి పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిందే. అయితే అబార్షన్ కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో పేరు, వివరాలు డాక్టర్ వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో స్పష్టం చేసింది. ఈ ఒక్క వాక్యం తెలిసి ఉంటే ఎన్ని కుటుంబాలు దొంగ క్లినిక్‌ల గుమ్మం తొక్కకుండా ఉండేవో.

ఇదంతా నగరాల పిల్లల గొడవ అనుకుంటే, ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 2019-21 మధ్య చేసిన ఆ సర్వే ప్రకారం ఏపీలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో 23.5 శాతం, దేశ సగటు 23.3 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు దేశంలో 6.8 శాతం, తెలంగాణలో 5.8 శాతం ఉంటే ఏపీలో 12.6 శాతం. దాదాపు రెట్టింపు. వీరిలో ఎక్కువమందికి పెళ్లే ముందు వచ్చింది, పాఠం రాలేదు. ‘పెళ్లి దాకా ఆగండి’ అనే సందేశం ఈ పిల్లలకు ఏ రకంగా పనికొస్తుందో ఆ సలహా ఇచ్చేవాళ్లు చెప్పాలి.

మీరు ఏం అడగొచ్చు?

రాష్ట్ర విధానం మారేదాకా మీరు ఎదురుచూడక్కర్లేదు. ఏపీలో 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు జరుగుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వ స్కూళ్లలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ప్రైవేటు స్కూళ్లలో మార్కుల కోసమైనా ఏడాదికి నాలుగు సార్లు పిలుస్తారు. అక్కడ ‘సెక్స్ ఎడ్యుకేషన్ చెబుతున్నారా’ అని అడిగితే, ‘సిలబస్‌లో ఉందండీ’ అనే జవాబే వస్తుంది. ప్రశ్న మార్చండి. కౌమార దశ పాఠం ఏ నెలలో చెబుతారు? ఎన్ని పీరియడ్లు? అబ్బాయిలకూ చెబుతారా? హెల్త్ అంబాసిడర్లుగా ఉన్న ఇద్దరు టీచర్ల పేర్లేమిటి? పిల్లలు పేరు రాయకుండా సందేహాలు వేసే పెట్టె ఉందా? డ్రైవర్లతో సహా సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించారా? ఈ చివరిది పోక్సో నిబంధనల ప్రకారం చేయించి తీరాల్సిన పని. పాఠం చెప్పే ముందు తల్లిదండ్రులకు ఒక సమావేశం పెట్టి, ఏం చెప్పబోతున్నారో చూపించమని కూడా అడగండి. 2007లో జరగనిది అదే.

ఒక్కరే అడిగితే వింతగా చూస్తారు. అదే తరగతి తల్లిదండ్రులు నలుగురు కలిసి అడిగితే, మర్నాడే టైంటేబుల్‌లో మార్పు రాకపోయినా, ఆ టీచర్‌కు మాత్రం ఒక భయం తగ్గుతుంది.

పిల్లలు ఏదైనా చెబితే, మొదట పూర్తిగా వినండి. ‘నువ్వెందుకు వెళ్లావు’ అన్న మాట ఆ రోజు అనకండి. 1098 చైల్డ్‌లైన్‌కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు, పిల్లలు కూడా చేయొచ్చు. మనసు కుదురుగా లేకపోతే టెలి మానస్ 14416, హెచ్ఐవీ సందేహాలకు 1097 ఉన్నాయి. ఫొటోలు, వీడియోల వేధింపులైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకున్నాకే ఆ చాట్ తొలగించండి. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సో సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు ఉంది. సంస్థను నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది వరకు. ‘స్కూలు పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం’ అని ప్రిన్సిపాల్ గదిలో ఎవరైనా అంటే, ఈ సెక్షన్ నంబరు గుర్తు చేయండి.